గోబర్ గ్యాసు ప్లాంటులో మిగిలిన అన్నము వేయవచ్చునా?

ఈ ప్రశ్నను రైతు సోదరులు తరచుగా అడుగుచుందురు. వేయవచ్చును. కాని కొలత తెలియక వేసినచో ఉన్న గ్యాసు కూడ పోవును.

మన డెల్టా ఇండ్లలో మిగిలిన అన్నము, గంజి, కూరగాయల తొక్కలు కుడితి గోలెములో పడుట ఆచారము. దానిని మానవలసిన పని లేదు. పశువు తినదగినది పశువునకే పెట్టవలెను. పాచిపోయిన అన్నము, కుళ్ళిన టమాటాలు, విందులలో మిగిలి చెడినవి మాత్రమే ప్లాంటులో వేయవలెను.

పేడ అనగా పశువు సారము తీసికొనగా మిగిలినది. అన్నములో ఆ సారమంతయు ఇంకను ఉన్నది. అందుచేత కిలో పేడ నుండి సుమారు 40 లీటర్ల గ్యాసు రాగా, కిలో అన్నము నుండి దానికి కొన్ని రెట్లు వచ్చును. 2004లో విజయవాడలో కూరగాయల మార్కెట్టు, కబేళా వ్యర్థములతో విద్యుత్తు తీయు ప్లాంటు నెలకొల్పబడినది. హైదరాబాదులోని బోయినపల్లి మార్కెట్టులో రోజుకు 10 టన్నుల కూరగాయల వ్యర్థముల నుండి సుమారు 500 యూనిట్ల విద్యుత్తు తీయగలిగిన సంగతి 2021లో దేశమంతటికి తెలిసినది.

ఇక పొరపాటు సంగతి. ఒకసారి బంధువుల ఇంట పెండ్లిలో రెండు గంగాళముల అన్నము మిగిలినది. పారవేయుటకు మనసొప్పక, రోజుకు 50 కిలోల పేడ పట్టు వారి దీనబంధు ప్లాంటులో నేనే దానిని ఒకేసారి పోయించితిని. మరునాడు డోము నిండ గ్యాసు ఉన్నది, పొయ్యి మాత్రము వెలుగలేదు. నాలుగు వారములు ఆ ఇంట కట్టెలతోనే వంట సాగినది. ఇల్లాలు నన్నొక మాటయు అనలేదు. నాకు అదియే ఎక్కువ బాధ కలిగించినది.

ధాన్యము విపరీతముగా తిన్న గేదె కడుపుబ్బి పడిపోవుట మీరెరుగుదురు. ప్లాంటులో జరిగినదియు అటువంటిదే. లోపల ఒక జాతి సూక్ష్మజీవులు ఆహారమును పులియబెట్టి ఆమ్లములుగా మార్చును. రెండవ జాతి ఆ పులుపును మండెడి మీథేను వాయువుగా మార్చును. మొదటివి చురుకైనవి, రెండవవి నిదానమైనవి. అన్నము ఎక్కువైనచో పులుపు పేరుకొని రెండవవి పని మానును. అప్పుడు వచ్చునది అధికభాగము బొగ్గుపులుసు వాయువే. అది మండదు.

కావున అటువంటి ప్లాంటునకు పేడ మానకుండ, మొదటి వారము రోజుకు ఒక కిలో వ్యర్థమును మెదిపి నీటిలో కలిపి పోయవలెను. పిదప వారమునకొక కిలో చొప్పున పెంచి ఐదు కిలోల వద్ద ఆపవలెను. ఊరగాయ, నిమ్మడిప్పలు, నూనె, ఎముకలు వేయరాదు.

బయటికి వచ్చు స్లర్రీ పుల్లని వాసన వేసి, అందు ముంచిన నీలి లిట్మస్ కాగితము ఎర్రబడినచో ప్లాంటు పులిసినదని తెలియవలెను. వెంటనే అన్నము ఆపి, పేడ సగమునకు తగ్గించి, బాగుగా పనిచేయు పొరుగు ప్లాంటు నుండి పది బకెట్ల స్లర్రీ తెచ్చి పోయవలెను. బాగుచేయుటకని ఎవ్వరును లోపలికి దిగరాదు. ఊపిరాడక ప్రాణము పోవును. మంట మరల నీలిరంగునకు వచ్చిన వారము తరువాతనే, తిరిగి ఒక కిలోతో మొదలుపెట్టవలెను.