నూనెరంగులలో ఇంటి పెద్దల పటం

ఇంటి పెద్దల పటం నూనెరంగులలో వ్రాయించుకోవాలనే కోరిక మన కుటుంబాలలో ఇప్పటికీ వున్నది. ఫొటో వుండగా ఇదెందుకని కొందరంటారు. ఫొటో ఒక్క క్షణాన్ని పట్టుకుంటుంది. చిత్రకారుడో, మనిషిని యెదుట కూర్చోబెట్టుకుని రోజుల తరబడి చూసినదంతా ఒక్క ముఖంలోకి దించుతాడు.

ఈ విద్య మనకు పడమటినుంచి వచ్చినదే. తిరువాన్కూరు కొలువులో థియోడర్ జెన్సన్ అనే దొర చిత్రాలు వ్రాస్తూవుంటే చూసి రవివర్మ (1848-1906) దీని మర్మం గ్రహించాడు. మన రాజమండ్రి దామెర్ల రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో పాశ్చాత్య పద్ధతిని అభ్యసించి, 1925లో, మూడు పదులైనా నిండకుండానే పోయాడు.

కొత్తవారు కన్నులతో, కనురెప్పలతో మొదలుపెడతారు. అది తగదు. టర్పెంటైనులో పలచన చేసిన గోధుమరంగుతో ముందు వెలుగునీడల ముద్దలే వేయాలి. కళ్లు సగం మూసి చూస్తే అవి తెలుస్తాయి. ముఖమంతా ఒకే రంగు కాదు. నుదురు పసుపు ఛాయ, బుగ్గలూ ముక్కూ యెరుపు, మగవారి గడ్డం కొంచెం నీలి ఛాయ. నీడకు వట్టి నలుపు వేస్తే మసి పూసినట్లుంటుంది. దవడ క్రింది నీడలో కట్టుకున్న చీర రంగు కూడా తొంగిచూస్తుంది.

రంగులో కలిపే అవిసెనూనె నీరువలె ఆవిరికాదు. గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని గట్టిపడుతుంది. అందుచేత అడుగుపూత పలచగా, పైపూతలు నూనె హెచ్చుగా వుండాలి. తారుమారైతే పటం పగుళ్లిస్తుంది. మందంగా వేసిన రంగు లోపలికంటా ఆరడానికి నెలలు పడుతుంది గనుక, వార్నీషుకు ఆరునెలలైనా ఆగడం మంచిది.

ఇక అసలు చిక్కు వ్రాయించుకునేవారితో! "అమ్మ రంగు కాస్త తేల్చండి, ముడతలు తీసేయండి" అంటారు. ఆ పని చేశాక మిగిలేది యెవరి అమ్మ? వెలుగుభాగం తేల్చి నీడను అలాగే వుంచితే ముఖం అతికించినట్లుంటుంది. నీడనూ తేలిస్తే యెముకల పొంకమే పోతుంది. చామనఛాయ వ్రాయడమే కష్టం, అందులోనే చిత్రకారుని పనితనం తేలుతుంది. అడిగినవారిని అడగనిచ్చి, చూసినదే వ్రాసే చిత్రకారుని పట్ల మాకు గౌరవం హెచ్చు.

పోయినవారిది ఒక్క పాత ఫొటోయే మిగిలివుంటే, వారి ఛాయ గల కొడుకునో కూతురునో అదే వెలుగులో కూర్చోబెట్టండి. పోలిక ఫొటో ఇస్తుంది, ఒంటిరంగు వీరిస్తారు.

పటం ఇంటికి వచ్చాక తడిగుడ్డతో తుడవకండి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో గోడకూ చట్రానికీ నడుమ బెత్తెడు సందు వుంచండి. దీపం, అగరువత్తులు దూరంగా పెట్టండి. దండ వేయదలచితే దానికి గోడలో వేరే మేకు కొట్టించండి.