పరభాషలో వ్యాధి నివేదనము

వైద్యుడు రోగిని పరీక్షించునప్పుడు మొదట వాడు సాధనము మాటయే. రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు ఆ తరువాతివి. నొప్పి ఎచ్చట, ఎప్పుడు మొదలైనది, దేనివలన హెచ్చుచున్నది, దేనివలన తగ్గుచున్నది అను ప్రశ్నలకు రోగి చెప్పు సమాధానములను బట్టియే ఏ పరీక్ష అవసరమో వైద్యుడు నిర్ణయించును. ఆ మాట పరభాషలో జరుగవలసి వచ్చినచో చికిత్స మొదటి మెట్టుననే తడబడవచ్చును.

నేడు అనేక తెలుగు కుటుంబములలో పిల్లలు అమెరికాలోనో, బ్రిటనులోనో, ఆస్ట్రేలియాలోనో ఉద్యోగములు చేయుచున్నారు. తల్లిదండ్రులు వారి వద్దకు వెళ్ళి నాలుగు నెలలో, ఆరు నెలలో ఉండి వచ్చుచున్నారు. ఆ వయసున రక్తపుపోటు, మధుమేహము వంటివి వెంటనుండుట సహజము. కొడుకునకో, కోడలికో, కూతురికో ఇంగ్లీషు వచ్చును గనుక ఆసుపత్రిలో మాటలకు వారే చాలుదురని మనము ధైర్యముగా ఉందుము. ఈ ధైర్యము ఎంతవరకు తగినదో కొంచెము విచారింతము.

1980లో అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున పదునెనిమిదేండ్ల యువకుడొకడు స్పృహ తప్పగా ఆసుపత్రికి తీసికొని వచ్చిరి. వారిది క్యూబా నుండి వచ్చిన స్పానిష్ భాషా కుటుంబము. ఇంటివారు అతనిని గూర్చి 'ఇంటాక్సికాడో' అనిరి. క్యూబావారి వాడుకలో ఆ మాటకు తిన్నదో త్రాగినదో పడక జబ్బుచేసినవాడని అర్థము. దానిని పోలిన ఇంగ్లీషు మాటకో, మత్తులో ఉన్నవాడని అర్థము. యువకుడు మాదకద్రవ్యము మితిమీరి పుచ్చుకొనెనని వైద్యులు తలచి ఆ చికిత్సయే సాగించిరి. నిజమునకు అతనికి మెదడులో రక్తస్రావము జరుగుచుండెను. అది తెలియునప్పటికి కాలము మించినది, కాలుసేతులు పడిపోయినవి. జీవితకాలములో సుమారు 7 కోట్ల 10 లక్షల డాలర్ల మేరకు పరిహారమునకు ఒప్పందము జరిగినది. ఒకరి మాట ఒకరికి తెలియుచున్నదనియే ఇరుపక్షములవారు భావించుటచేత దుబాసిని పిలిపింపలేదు. భాష బొత్తిగా రానిచోట మనుష్యుడు జాగ్రత్తపడును. వచ్చినట్లు తోచిన చోటనే మోసపోవును.

తెలుగులోను ఇట్టి మాటలు కొల్లలుగా ఉన్నవి. 'వేడి చేసినది' అని తల్లి అన్నచో కుమారుడు తొందరలో దానిని జ్వరముగా చెప్పవచ్చును. ఆమె చెప్పదలచినది మూత్రమున మంట కావచ్చును, నోటిపూత కావచ్చును. 'గుండెలో మంట' అనునది తరచుగా అజీర్ణమునకు సంబంధించినది. మాటకు మాటగా చెప్పినచో వైద్యుడు హృద్రోగమని శంకించును. దీనికి విరుద్ధమైనది మరింత ప్రమాదకరము: రొమ్ము బిగబట్టినట్లున్నను పెద్దలు 'గ్యాసు పట్టినది' అందురు, ఆ మాట అట్లే వైద్యునికి చేరినచో అసలైన గుండెజబ్బు దాగిపోవచ్చును. పోటు, సలుపు, తీపు, గుంజు, తిమ్మిరి అని మనము నొప్పులకు వేరువేరు పేర్లు పెట్టుకొంటిమి. వీనినన్నిటిని ఒక్క 'పెయిన్' అను మాటలో కుదించినచో వైద్యునికి కావలసిన భేదము నశించును. ఇక తల ఊపుట సంగతి: మనము అవునని తలను ప్రక్కలకు ఆడింతుము. పాశ్చాత్యునికి అది కాదన్నట్లు కనబడవచ్చును.

ఇంటివారు దుబాసి పని చేయుటలో భాషాజ్ఞానమును మించిన చిక్కు మరియొకటి కలదు. కుమారుని ఎదుట తల్లి స్త్రీ సంబంధమైన బాధ చెప్పజాలదు. మాత్రలు మానివేసితినని తండ్రి కోడలి ఎదుట ఒప్పుకొనడు. వైద్యుడు చెప్పిన కఠినమైన వార్తను కూతురు మెత్తపరచి చెప్పును, లేదా చెప్పనే చెప్పదు. ఇదంతయు ప్రేమవలననే జరుగును. కాని రోగికి తన రోగము తెలియకుండ పోవును.

ఈ విషయమున మసాచుసెట్స్ రాష్ట్రములోని పిల్లల అత్యవసర చికిత్సా విభాగములు రెండింట జరిగిన పరిశీలన 2012లో ప్రకటితమైనది. మాట చేరవేయుటలో దొరలిన తప్పులలో రోగికి హాని కలిగింపగలవి ఎన్ని అని లెక్కించిరి. వృత్తి దుబాసులున్న చోట నూటికి 12. అప్పటికి దొరికినవారు ఎవరో మాట చెప్పిన చోట 22. దుబాసియే లేని చోట 20. నూరు గంటలు, అంతకు పైగా శిక్షణ పొందిన దుబాసులలో నూటికి 2 మాత్రమే. భాష వచ్చుట వేరు, మాట చేరవేయుట వేరు అని దీనివలన తేలుచున్నది.

ఇట్టి సహాయము అడుగుట యాచన కాదు. అమెరికాలో కేంద్ర ప్రభుత్వపు ధనసహాయము పొందు సంస్థలు జాతిమూలమును బట్టి భేదము చూపరాదని 1964 నాటి పౌరహక్కుల చట్టము శాసించినది. 2010 నాటి ఆరోగ్య చట్టము ఈ రక్షణను ఆసుపత్రులకు మరింత స్పష్టము చేసినది. దాని ననుసరించి ఆసుపత్రి రోగికి ఉచితముగా దుబాసిని ఏర్పాటు చేయవలెను. ప్రాణాపాయ సమయమున తప్ప చిన్నపిల్లలచేత మాట చెప్పింపరాదు. బ్రిటనులో జాతీయ ఆరోగ్య సేవయందు దుబాసికి రోగి రుసుము చెల్లింపనక్కరలేదు. ఆస్ట్రేలియాలో 1973లో ఆరంభమైన ప్రభుత్వ టెలిఫోను దుబాసి సేవ నేటికిని నడచుచున్నది.

అడుగు పద్ధతి తెలిసియుండవలెను. వైద్యుని దర్శనమునకు సమయము నిర్ణయించుకొనునప్పుడే దుబాసి కావలెనని చెప్పుట మంచిది. 'ఇండియన్' భాష అని చెప్పినచో హిందీ దుబాసిని పిలుతురు. కావున 'తెలుగు' అని స్పష్టముగా, అవసరమైనచో వ్రాసి చూపి, చెప్పవలెను. దుబాసి ఎదుట ఉండకపోవచ్చును. టెలిఫోనులోనో తెరమీదనో మాట్లాడును. రోగి వైద్యునివైపే చూచి చిన్న చిన్న వాక్యములలో చెప్పవలెను. అర్థము కానిచోట మర్యాదకై 'సరే' అనరాదు. చివర, తాను గ్రహించినది తన మాటలలో తిరిగి చెప్పి సరిచూచుకొనవలెను. కుమారుడో కూతురో ప్రక్కన ఉండవచ్చును. కాని వారు అండగా ఉండవలెను గాని నాలుకగా కాదు.

ప్రయాణమునకు ముందే ఒక కాగితము సిద్ధపరచుకొనుట ముఖ్యము. వాడుచున్న మందుల వ్యాపారనామములు కాక అసలు పేర్లు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ వేళ, పడని మందులు, జరిగిన శస్త్రచికిత్సలు, వాని సంవత్సరములు ఇంగ్లీషులో వ్రాయించుకొనవలెను. అసలు పేర్లును ఒక్కొక్కచోట మారును. మన పారాసెటమాలును అమెరికాలో ఎసిటామినోఫెన్ అందురు. ఇది తెలియనివారు రెండును వేరనుకొని కలిపి మ్రింగి మోతాదు మించినచో కాలేయము చెడును. రక్తములోని చక్కెర 180 అని మనము చెప్పునది బ్రిటనులోను ఆస్ట్రేలియాలోను 10 అగును, కొలమానము వేరు. అమెరికాలో 3/7 అని వ్రాసినచో జూలై మూడు కాదు, మార్చి ఏడు.

ప్రాణాపాయము సంభవించినచో అమెరికాలో 911, బ్రిటనులో 999, ఆస్ట్రేలియాలో 000 పిలువవలెను. ఇంట ఒంటరిగా ఉండు పెద్దలకు ఈ సంఖ్యయు, ఇంటి చిరునామాయు, 'తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్' అను మూడు మాటలును పిల్లలు కంఠస్థము చేయింపవలెను. వానిని పెద్ద అక్షరములతో వ్రాసి టెలిఫోను ప్రక్కన అంటించిన ఇంకను మేలు.

దుబాసిని కోరుట చదువు లేమికి గుర్తని కొందరు సంకోచింతురు. ముప్పది యేండ్లు ఇంగ్లీషులో ఉద్యోగము చేసినవారికైనను నొప్పి వచ్చినప్పుడు నోట వెలువడునది తల్లిభాషయే. ఆ మాటను ఉన్నదున్నట్లు వైద్యుని చెవికి చేర్చుట చికిత్సలో భాగము. మీ ఇంటి పెద్దలు ప్రయాణమునకు పెట్టెలు సర్దుకొనునప్పుడు ఊరగాయ జాడీకంటె ముందు ఆ కాగితమును పెట్టెలో ఉంచుడు.