యాభై మంది ఊరు.. ఒకే ఒక్క బడి

జూన్‌లో అడ్మిషన్లు మొదలయ్యాయంటే మా గడప తొక్కిన తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. ‘బడిలో మొత్తం పిల్లలెంతమంది సార్?’ పాఠాలు ఎలా చెబుతారు, పుస్తకాలు ఎప్పుడొస్తాయి అన్నవన్నీ ఆ తర్వాతే. సంఖ్య చెప్పగానే వాళ్ళ ముఖంలో మార్పు కనిపిస్తుంది. హోసూరు పక్క పల్లెలో తెలుగు మాధ్యమంలో పద్దెనిమిదేళ్ళుగా పాఠాలు చెబుతున్న నాకు ఆ మార్పు అలవాటే. నిరుడు మా ఐదో తరగతిలో ఉన్నది ఏడుగురు.

ఆ ఏడుగురికే దీవుల పాఠం చెబుతుంటే ఒక పిల్ల లేచి, ‘మనకంటే చిన్న బడి ఎక్కడైనా ఉందా సార్?’ అని అడిగింది. ఆ పూటకు ఏదో చెప్పి కూర్చోబెట్టాను కానీ ప్రశ్న నన్ను వదల్లేదు. వెతుక్కుంటూ పోతే స్కాట్లాండ్‌కు ఉత్తరాన, పటంలో ఓ చుక్క దగ్గర ఆగాను. ఆ చుక్క పేరు ఫెయిర్ ఐల్. అక్కడి జనం యాభై మందికి కాస్త అటూ ఇటూ. వాళ్ళకో బడి ఉంది. ఆ దీవి గురించి చదివినకొద్దీ అది మన బడుల కథలాగే అనిపించింది. అందుకే ఈ నాలుగు మాటలు.

సముద్రం మధ్య చుక్క

ఆర్క్‌నీ, షెట్లాండ్ అనే రెండు దీవుల గుంపుల మధ్య, ఇంచుమించు సగం దూరంలో ఉంటుంది ఫెయిర్ ఐల్. పొడవు అయిదు కిలోమీటర్లు, వెడల్పు అందులో సగం. ఉదయం బయల్దేరితే మధ్యాహ్నం భోజనం వేళకు ఈ కొస నుంచి ఆ కొస చూసి రావచ్చు. ఉత్తరాన గొర్రెలు మేసే కొండ నేల. ఇళ్ళు, చేలు అన్నీ దక్షిణపు వైపే. నడిచీదాకా రాతి గోడ ఒకటి ఊరిని, కొండను వేరు చేస్తుంది. చెట్లు పెరగనంత గాలి. ధ్రువానికి దగ్గర కాబట్టి నడి చలికాలంలో పగలు ఇంచుమించు ఆరు గంటలే ఉంటుంది. నడి వేసవిలో రాత్రి పది దాటినా వెలుతురు పోదు.

ఊళ్ళో ఒక దుకాణం ఉంది. రెండు ప్రార్థనా మందిరాలు, ఒక సమావేశ మందిరం ఉన్నాయి. డాక్టరు లేరు, నర్సు ఒకరున్నారు. ప్రాణం మీదికి వస్తే హెలికాప్టర్ రావాల్సిందే.

బయటి లోకంతో సంబంధం రెండు దారుల్లో. ఒకటి ‘గుడ్ షెపర్డ్’ అనే చిన్న ఓడ. అంటే మంచి కాపరి. పన్నెండు మంది ప్రయాణికులకే అందులో చోటు. షెట్లాండ్ దక్షిణ కొమ్ముకు చేరడానికి రెండున్నర గంటలు పడుతుంది. వేసవిలో వారానికి మూడుసార్లు, చలికాలంలో ఒక్కసారే తిరుగుతుంది. అదీ సముద్రం ఒప్పుకుంటేనే. అలలు మరీ ఎక్కువైతే రేవులో ఉంచడం కూడా ప్రమాదమని ఆ ఓడను ఏకంగా ఒడ్డుకు లాగి నిలబెడతారు. రెండో దారి చిన్న విమానం. పాతిక నిమిషాల ప్రయాణం. పొగమంచు కమ్మితే అదీ రాదు. అందుకే ప్రతి ఇంట్లోనూ పిండి, పప్పు, ఎండబెట్టినవి, గడ్డ కట్టించినవి కొన్ని వారాలకు సరిపడా ఉంచుకుంటారు. వర్షాకాలానికి ముందు మన ఇళ్ళల్లో అటక నింపుకున్నట్టే.

ఒక మనిషి, అయిదు పనులు

యాభై మంది ఉన్న ఊళ్ళో ఒక మనిషికి ఒకే ఉద్యోగం ఉంటే జరగదు. పొద్దున గొర్రెలకు మేత వేసిన మనిషే పదింటికి ఓడ మీద సరంగు. విమానం దిగే వేళకు మంటలార్పే దుస్తులు తొడుక్కుని రన్‌వే పక్కన నిలబడేదీ ఊరివాళ్ళే. సాయంత్రం రోడ్డు గుంట పూడ్చడం, రాత్రికి అల్లిక. ఉత్తరాలు పంచేవారు, తీర రక్షక దళంలో ఉండేవారు, బడిలో వంట చేసేవారు ఎవరంటే మళ్ళీ వాళ్ళలోనే వెతకాలి. ఒక కుటుంబం ఊరు విడిచి వెళ్ళిందంటే ఒక్కసారిగా నాలుగైదు పనులకు మనుషులు తగ్గినట్టు.

గొర్రెలను కొండ మీది నుంచి తోలుకొచ్చే రోజు దీన్ని బాగా చూడవచ్చు. ఆ పనిని అక్కడ ‘కా’ అంటారు. ఆడ, మగ, పిల్లాపాపలతో సహా కొండకు అడ్డంగా వరసగా నిలబడి, కేకలు వేసుకుంటూ, మందను కిందికి దొడ్లలోకి తోలుతారు. వరసలో ఒక్కచోట ఖాళీ వస్తే గొర్రెలన్నీ ఆ సందులోంచే జారిపోతాయి. కాబట్టి పదేళ్ళ పిల్లాడు కూడా అక్కడ లెక్కలోని మనిషే.

ఆ గొర్రెల ఉన్నితోనే ఈ దీవికి పేరొచ్చింది. ఫెయిర్ ఐల్ అల్లికలో ఒక వరుసకు రెండు రంగుల నూలే వాడతారు. ఒక రంగు ముందు కనిపిస్తుంటే రెండోది వెనక నుంచి సాగుతుంది. అలా బట్ట రెండు పొరలై చలికి ఆగుతుంది. పూర్వం ఆడవాళ్ళు నడుముకు తోలు పట్టీ కట్టుకుని, దాని రంధ్రంలో సూది దోపి, నడుస్తూ కూడా అల్లేవారు. దారిన పోయే ఓడలకు ఆ మేజోళ్ళు, టోపీలు ఇచ్చి సరుకులు తీసుకునేవారు. 1920ల మొదట్లో బ్రిటన్ యువరాజు ఈ స్వెటర్ వేసుకుని గోల్ఫ్ ఆడటంతో అది ఫ్యాషనైపోయింది. ఇప్పుడు ఆ పేరుతో లోకంలో ఎక్కడపడితే అక్కడ యంత్రాల మీద తయారవుతున్నాయి. దీవిలో కూర్చుని అల్లేవారు మాత్రం కొద్దిమందే. 1588లో ఇక్కడ మునిగిన స్పెయిన్ ఓడ ‘ఎల్ గ్రాన్ గ్రిఫోన్’ నావికులు ఈ నమూనాలు నేర్పారని ఒక కథ ఉంది. కథ బాగుంటుంది, ఆధారం లేదు.

పదకొండేళ్ళకే పెట్టె సర్దుకుని..

ఇక బడి. పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. తరగతులన్నీ ఒకే గదిలో. అయిదేళ్ళ పిల్లకు అక్షరాలు దిద్దించి, ఆ పక్కనే పదేళ్ళ వాడికి భిన్నాలు చెప్పాలి. మనం శిక్షణల్లో వినే ‘బహుళ తరగతి బోధన’ అక్కడ దినచర్య. పెద్ద పిల్ల చిన్నవాడికి చదివి వినిపిస్తుంది, అలా ఆమెకూ పాఠం రెండోసారి వస్తుంది. ఏకోపాధ్యాయ పాఠశాలల్లో పనిచేసిన మిత్రులకు ఇది కొత్త కాదు.

కానీ ప్రాథమిక విద్య అయ్యాక అసలు పరీక్ష మొదలవుతుంది. దీవిలో హైస్కూలు లేదు. పదకొండు, పన్నెండేళ్ళకే పిల్లలు పెట్టె సర్దుకుని షెట్లాండ్ ముఖ్యపట్టణం లెర్విక్ వెళ్ళాలి. అక్కడి ఆండర్సన్ హైస్కూలుకు 1862 నుంచి చరిత్ర ఉంది. దూరపు దీవుల పిల్లలంతా దాని హాస్టల్‌లో ఉంటారు. కొన్ని వారాలకోసారి ఇంటికి రావచ్చు, అదీ వాతావరణం బాగుంటే. శుక్రవారం సాయంత్రం తల్లి విమానాశ్రయం దాకా నడిచొచ్చి, పొగమంచు చూసి, ఈ వారం రాడులే అని వెనక్కి మళ్ళిన రోజులు ఆ ఊళ్ళో ప్రతి ఇంటికీ ఉంటాయి.

అలా వెళ్ళిన పిల్లలు పెద్దయ్యాక తిరిగి వస్తారా? దీవి బతుకంతా ఈ ప్రశ్న మీదే నిలబడి ఉంది.

ఖాళీ అయిన దీవి, నిలిచిన దీవి

తిరిగి రాకపోతే ఏమవుతుందో స్కాట్లాండ్‌కు బాగా తెలుసు. పడమటి సముద్రంలో సెంట్ కిల్డా అనే దీవి ఉంది. వందల ఏళ్ళుగా అక్కడి జనం సముద్రపక్షుల మీద, గొర్రెల మీద ఆధారపడి బతికారు. పడుచువాళ్ళు ఒక్కొక్కరే వలసపోయారు. పడవ లాగడానికి, కొండచరియలెక్కడానికి చేతులు చాల్లేదు. చివరికి మమ్మల్ని తీసుకెళ్ళండని మిగిలినవాళ్ళే ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. 1930 ఆగస్టు 29న చివరి 36 మంది ఓడ ఎక్కారు. వెళ్ళే ముందు ఇళ్ళలో తెరిచిన బైబిల్, కొన్ని ఓట్స్ గింజలు ఉంచి వెళ్ళారు.

ఒకప్పుడు నాలుగు వందల దాకా ఉన్న ఫెయిర్ ఐల్ జనాభా కూడా తగ్గుతూ వచ్చింది. గత శతాబ్దం మధ్యలో ఈ దీవినీ ఖాళీ చేయించాలా అన్న చర్చ వచ్చింది. కానీ అలా జరగలేదు. జార్జ్ వాటర్‌స్టన్ అనే పక్షి శాస్త్రవేత్త రెండో ప్రపంచ యుద్ధంలో ఖైదీగా ఉన్నప్పుడే ఈ దీవిలో పక్షి పరిశోధన కేంద్రం పెట్టాలని కలగన్నారు. 1947లో దీవిని కొన్నారు, మరుసటేడు కేంద్రం తెరిచారు, 1954లో దీవిని నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్‌కు అప్పగించారు. వలస పక్షుల కోసం సందర్శకులు రావడం మొదలైంది. వాళ్ళతో పాటు కొంత పని, కొంత రాబడి వచ్చాయి. 2019 మార్చిలో ఆ కేంద్రం భవనం అగ్నికి ఆహుతైంది. అయినా వదిలేయలేదు, మళ్ళీ కట్టారు.

కరెంటు సంగతీ అంతే. 1982లోనే గాలిమరతో కరెంటు తీసిన ఊరది. అయినా మొన్నమొన్నటి వరకు గాలి లేని రోజున రాత్రి పదకొండున్నరకు డీజిల్ జనరేటర్ ఆపేస్తే తెల్లవారేదాకా చీకటే. 2018 అక్టోబరులో మూడు కొత్త గాలిమరలు, సౌరఫలకాలు, బ్యాటరీలు వచ్చాక ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చింది. రాత్రంతా ఆగని ఫ్రిజ్ అంటే మనకు చిన్న విషయం. పిల్లలతో కాపురానికి రావాలా వద్దా అని ఆలోచించే జంటకు అదే పెద్ద విషయం. ఇల్లు ఖాళీ అయితే అద్దెకు కుటుంబాలు కావాలని ట్రస్టు ప్రకటన ఇస్తుంది. ఇల్లు, పని, దీపం, బడి.. ఈ నాలుగూ ఉంటేనే మనిషి నిలుస్తాడని ఆ ఊరు నేర్చుకుంది.

నిలవని భాష

ఇంత పట్టుదల ఉన్న చోట కూడా ఒకటి పోయింది. అది భాష. ఆర్క్‌నీ, షెట్లాండ్‌లతో పాటు ఈ దీవి కూడా ఒకప్పుడు నార్వే రాజ్యంలోది. వాళ్ళ మాట ‘నార్న్’. డెన్మార్క్, నార్వేల రాజు తన కూతురి కట్నం కింద ఈ దీవులను స్కాట్లాండ్‌కు తాకట్టు పెట్టాడు. షెట్లాండ్ వంతు వచ్చింది 1469లో. తాకట్టు విడిపించనే లేదు. ఆ తర్వాత భూమి పత్రాలు, కోర్టు, ప్రార్థన, వ్యాపారం అన్నీ స్కాట్స్ భాషలోకి మారాయి. నార్న్ ఇంట్లో మాత్రమే మిగిలింది, తర్వాత ఇంట్లోనూ మిగల్లేదు. 1774లో జార్జ్ లో అనే ఆయన ఫౌలా దీవిలో ఒక ముసలాయన నోట విన్న ప్రార్థనను, పాటను రాసుకున్నారు. రాసిన ఆయనకు ఆ భాష రాదు. 1893లో ఫారో దీవుల పండితుడు యాకబ్ యాకబ్సెన్ వచ్చేనాటికి మాట్లాడేవారు లేరు. అయినా ఆయన మూడేళ్ళు ఊరూరా తిరిగి సుమారు పది వేల పదాలు ఏరుకున్నారు.

ఆ పదాలు ఎక్కువగా ఎలాంటివో తెలుసా? గాలికి, వానకు, పడవకు, చేపకు, గొర్రెకు సంబంధించినవి. ఇప్పటికీ ఫెయిర్ ఐల్‌లో ఓడను ఒడ్డుకు లాగి పెట్టే చోటును ‘నౌస్ట్’ అనే అంటారు. అది నార్వే వాళ్ళ పాత మాట. రోజూ ఓడను లాగుతున్నారు కనుక ఆ మాట బతికింది. పని ఉన్న మాట మిగిలింది, పని లేనిది పోయింది.

ఇది చదివినప్పుడు నాకు మా ఏడుగురు గుర్తొచ్చారు. ఒడిశాలోనైనా మహారాష్ట్రలోనైనా యానాంలోనైనా మనం ఎంతసేపూ హాజరు పట్టీలోని సంఖ్య చూసి బెంగపడతాం. సంఖ్య ముఖ్యమే, కాదనను. కానీ యాభై మంది ఉన్న ఊరు నిలిచింది, అక్కడ ప్రతి మనిషికీ పని ఉంది కనుక. మన పిల్లల తెలుగుకు పరీక్ష రోజున తప్ప పని లేకపోతే, బడిలో ఏడు వందల మంది ఉన్నా ఏం లాభం? సంతకు చీటీ రాయించండి. అమ్మమ్మకు ఉత్తరం రాయించండి. ఇంటి జమాఖర్చు, పొలం పనుల లెక్క, పెళ్ళి పిలుపు.. ఏదో ఒకటి తెలుగులో వాళ్ళ చేతికివ్వండి. పదేళ్ళ పిల్ల కూడా వరసలోని మనిషే కదా!

ఆ ప్రశ్న అడిగిన పిల్లకు ఇప్పుడు జవాబు చెప్పాను. మనకంటే చిన్న బడి ఉందమ్మా, బాగానే నడుస్తోంది అని. ‘అయితే మనదీ నడుస్తుంది సార్’ అంది.