చలికాలంలో లేగదూడల సంరక్షణ

సిద్దిపేట ప్రాంతంలో డిసెంబరు, జనవరి నెలలలో రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువకు పోవడం మామూలే. పెద్ద గేదెలు దీనిని తట్టుకుంటాయి. లేగదూడలు తట్టుకోలేవు. మన గేదెలు ఎక్కువగా వానాకాలం నుండి చలికాలం లోపల ఈనుతాయి కనుక, చలి ముదిరేనాటికి చాలా కొట్టాలలో లేగదూడలుంటాయి.

సొసైటీ రిజిస్టరులో ఒక సభ్యుని పాలు ఉన్నట్టుండి తగ్గినప్పుడు విచారిస్తే, దూడ పోయిందనీ, గేదె చేపడం లేదనీ తెలియడం కద్దు. పెయ్యదూడ అయితే, మూడు నాలుగు ఏళ్ళలో పాడికి రావలసిన గేదె కూడా పోయినట్లే.

గమనించవలసిన ముఖ్య విషయం ఏమనగా, దూడకు ఒట్టి చలి కంటె తడి నేల, ఈదురుగాలి ఎక్కువ ప్రమాదకరం. ఈ రెండింటినీ ఖర్చు లేకుండా నివారించవచ్చు.

1. పడక: జానెడు మందాన పొడి వరిగడ్డి పరచాలి. దానిపై మోకాలు ఆనించి చూడండి. బట్ట తడిస్తే గడ్డి మార్చాలి. రేకుల కొట్టాలలో తెల్లవారుజామున కప్పు నుండి నీటిచుక్కలు రాలుతాయి. అక్కడ దూడను కట్టరాదు.

2. గాలి: గాలి వీచే వైపు దూడ ఎత్తు వరకు గోనె పట్టాలు కట్టాలి. పైభాగం మూయరాదు. అన్ని వైపులా మూసివేస్తే మూత్రపు ఘాటు నిలిచి, ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. గడ్డి కొట్టంలో కుంపటి అసలే పెట్టరాదు. పొగ ఒక కీడు, నిప్పు అంతకు మించిన కీడు.

3. జున్నుపాలు: మాయ పడేదాకా ఆగడం తప్పు. పుట్టిన రెండు గంటల లోపల తాగించాలి. 30 కిలోల దూడకు మొదటి రోజున సుమారు 3 లీటర్లు కావాలి. ఒంటిలో వేడి పుట్టించేవి ఆ పాలే. తరువాతి రోజులలో కూడా దూడ వాటాను క్యానులో పోయడం లాభం కాదు.

4. ఒళ్ళు: పుట్టిన వెంటనే పొడి గోనెతో తుడవాలి. బొడ్డుకు టింక్చర్ అయొడిన్ రాయాలి. రాత్రి వీపుపై గోనె కప్పి, పగలు దానిని ఆరవేసి, దూడను ఎండకు వదలాలి.

చెవులు చల్లబడినా, దగ్గు, చీమిడి కనిపించినా, దూడ పాలు మానినా ఆలస్యం చేయక పశువైద్యునికి చూపించండి. 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం సేవలు లభిస్తాయి.

కొట్టానికి కాపలా ఉండే కుక్కకు, దాని పిల్లలకు కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది. నేలకు కొంచెం ఎత్తున ఒక చెక్క, దానిపై పొడి గోనె, గాలికి ఒక అడ్డు చాలు.

సంఘ కార్యదర్శులు ఈ విషయాలను సాయంత్రం పాలు పోసే వేళ సభ్యులకు చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము. పాలు తెచ్చేది ఎక్కువగా మహిళలే, దూడను సాకేదీ వారే. కనుక వారికి తప్పక చెప్పాలి.