అనిషినాబేలు: అపోహలు, వాస్తవాలు

అనిషినాబేలు ఒకే తెగ కాదు. ఉత్తర అమెరికాలోని మహా సరస్సుల చుట్టూ నివసించే ఒజిబ్వే, ఒడావా, పొటావాటమి, అల్గాంక్విన్, మిసిసాగా తదితర జాతులు తమను తాము చెప్పుకునే ఉమ్మడి పేరది. వారి ఊళ్లు కెనడా, అమెరికా సరిహద్దుకు రెండువైపులా ఉన్నాయి. తెలుగులో చాలాకాలం అందరినీ ‘రెడ్ ఇండియన్ల’ కింద జమకట్టడంతో, సినిమాల్లో కనిపించే గుర్రాలు, ఈకల కిరీటాలు, తోలు గుడారాలే వీరివీ అనుకోవడం మామూలైంది. ఆ వేషం ప్రధానంగా పశ్చిమ మైదానాల తెగలది. పడమరకు వలసపోయిన కొందరు ఒజిబ్వేలు గుర్రాలకు అలవాటుపడ్డా, అనిషినాబేల్లో ఎక్కువమందిది అడవినీ నీటినీ నమ్ముకున్న బతుకు. బర్చ్ చెట్టు బెరడు కప్పిన ఇళ్లు, అదే బెరడుతో చేసిన తేలికపాటి పడవలు, వసంతంలో మేపుల్ రసం కాచి తీసిన చక్కెర వారి సొంతం. సరస్సుల్లో పెరిగే మనూమిన్ వారికి పవిత్రమైన తిండిగింజ. పడవను ఒకరు గెడతో నెడుతుంటే మరొకరు కర్రలతో వెన్నులను వంచి, గింజలు పడవలోనే రాలేలా తడతారు. దాన్ని ‘అడవి వరి’ అంటారు గానీ అది మన పొలాల్లో పండే వరి జాతి కాదు.

వీరి కుటుంబాలకు కట్టుబాట్లు లేవన్నది వలస అధికారులు, మిషనరీలు ప్రచారం చేసిన మాట. నిజానికి కొంగ, లూన్ పక్షి, ఎలుగుబంటి, చేప వంటి వంశాలు తండ్రి నుంచి బిడ్డలకు వస్తాయి. మన సగోత్ర నిషేధంలాగే ఒకే వంశంలో పెళ్లి కూడదు. దూరపు ఊరికి వెళ్లిన బాటసారికి అక్కడ తన వంశంవారి ఇల్లే చుట్టాలిల్లు. తెలుగువారికి ఇంకా ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. ఒజిబ్వేల సంప్రదాయ వరసల్లో పెదనాన్న, చిన్నాన్నల పిల్లలు, పెద్దమ్మ, పిన్నిల పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లే. మేనమామ, మేనత్తల పిల్లల వరస వేరు. కొన్ని ఉత్తరాది సమూహాల్లో మేనరికం ఉండేదని 1930లలో మానవశాస్త్రవేత్త హాలోవెల్ నమోదు చేశాడు. ఇలాంటి వరసల పద్ధతిని ఆ శాస్త్రంలో ‘ద్రవిడ’ రకం అనే పిలుస్తారు. ఇంతమాత్రాన రెండు జాతులకూ ఒకే మూలమనుకుంటే అది మరో అపోహే అవుతుంది.

తల్లిదండ్రులు పట్టించుకోకపోవడం వల్లే పిల్లలను రెసిడెన్షియల్ బడులకు పంపారన్న వాదన ఇంకా వినిపిస్తుంది. కెనడా ప్రభుత్వం డబ్బిచ్చి, చర్చిలతో నడిపించిన ఆ బడులకు హాజరును 1920లో చట్టమే తప్పనిసరి చేసింది. దాదాపు లక్షన్నర మంది ఆదివాసీ పిల్లలు ఇళ్లకు, భాషకు దూరమయ్యారు. ఇది ఏనాటిదో పాత కథ కూడా కాదు. చివరి బడులు మూతపడింది 1990లలో. దీన్ని విచారించిన సత్య, సయోధ్య కమిషన్‌కు అధ్యక్షుడు అనిషినాబే న్యాయమూర్తి మర్రీ సింక్లేర్. 2015లో కమిషన్ 94 సిఫార్సులు చేసింది.

అన్నిటికన్నా మొండి అపోహ ఒప్పందాల గురించినది: ఆదివాసీలు భూములు అమ్ముకున్నారని, ఇప్పుడున్న హక్కులు ప్రభుత్వ దయ అని. 1764లో నయాగరా వద్ద సుమారు 2,000 మంది ఆదివాసీ ప్రతినిధులు బ్రిటిష్‌వారితో పూసల పట్టీలు మార్చుకున్నారు. ఆదివాసీల దృష్టిలో అది క్రయపత్రం కాదు, వరస కలుపుకోవడం. బంధుత్వమంటే ఇరువైపులా బాధ్యత. 1850 నాటి రాబిన్సన్ ఒప్పందాలు భూమి ఆదాయం పెరిగితే వార్షిక చెల్లింపూ పెరుగుతుందన్నాయి. 1875లో తలకు 4 డాలర్లయిన ఆ మొత్తం మళ్లీ పెరగలేదు. ఆ నేల నుంచి కలప, నికెల్ మాత్రం తరలిపోతూనే ఉన్నాయి. ప్రభుత్వం మాట తప్పిందని కెనడా సుప్రీంకోర్టు 2024లో తేల్చింది.

అమెరికాలో విస్కాన్సిన్ ఒజిబ్వేలు 1837, 1842 ఒప్పందాల్లో వేట, చేపల హక్కులను తమకే ఉంచుకున్నారు. 1983లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు వాటిని గుర్తించాక, చేపలన్నీ ఖాళీ అవుతాయంటూ పడవల రేవుల్లో గుంపులు చేరి వారిని దూషించాయి. చేపలు ఖాళీ కాలేదు. తెగలు కోటాలు పెట్టుకుని, పట్టిన చేపలను లెక్కగట్టి, హేచరీల్లో పిల్లలను పెంచి సరస్సుల్లో వదిలాయి. ఈ గొడవల నేపథ్యంలోనే ఆ రాష్ట్రం 1989లో చట్టం తెచ్చింది. దాని ప్రకారం తెగల చరిత్ర, సంస్కృతి, ఒప్పంద హక్కులను ప్రభుత్వ బడుల్లో ప్రాథమిక తరగతుల్లో కనీసం రెండుసార్లు, ఉన్నత పాఠశాలలో ఒకసారి బోధించాలి.