పాత రిసీవర్‌కు ఇంట్లోనే రేడియో సర్వీసు

పది పన్నెండేళ్ల కిందట కొన్న హోమ్ థియేటర్ రిసీవర్‌ను ఇవాళ ఆన్ చేసినా చాలా ఇళ్లలో అది అప్పటిలాగే మోగుతుంది. సీడీ పెడితే పాట వస్తుంది, టీవీ కలిపితే సినిమా దద్దరిల్లుతుంది. రిమోట్ మీద ‘నెట్ రేడియో’ మీట నొక్కితే మాత్రం కొన్ని పెట్టెల్లో కాసేపు ఏదో వెతుకుతున్నట్టు కనిపించి, చివరికి ‘యాక్సెస్ ఎర్రర్’ అని తేలుతుంది. పెట్టెలో ఏ భాగమూ చెడిపోలేదు. ఇంట్లో ఇంటర్నెట్ నిక్షేపంగా ఉంది. వినాలనుకున్న స్టేషన్ కూడా తన ఊళ్లో తాను ప్రసారం చేస్తూనే ఉంది. పెట్టెనూ స్టేషన్‌నూ కలిపే మధ్యవర్తి సర్వీసు ఒక్కటే లేకుండా పోయింది.

ఆ మధ్యవర్తి పనిని ఇంట్లోనే ఒక చిన్న కంప్యూటర్‌తో చేయించుకోవచ్చు. ప్రపంచంలో ఎందరో ఆడియో ప్రియులు ఇప్పటికే ఆ పని చేసి, పాత సామాను స్క్రాప్‌కు వెళ్లకుండా కాపాడుకున్నారు. అదెలా సాధ్యమైందో తెలిస్తే, ఇంటర్నెట్‌కు కలిసే వస్తువులను మనం కొనేటప్పుడు నిజంగా ఏం కొంటున్నామో కూడా తెలుస్తుంది.

మధ్యలో ఉన్నదెవరు?

ఇంటర్నెట్ రేడియో స్టేషన్లు వేల సంఖ్యలో ఉంటాయి. రోజూ కొన్ని పుడతాయి, కొన్ని మూతపడతాయి, కొన్ని సర్వర్ మారుస్తాయి. రిసీవర్ తయారుచేసే కంపెనీకి ఈ జాబితాను వెంటపడి సరిదిద్దుకునే ఓపిక ఉండదు. అందుకే యమహా, డెనాన్, మరాంజ్, ఆంక్యో వంటి కంపెనీలు ఏళ్ల తరబడి ఆ పనిని వీట్యూనర్ అనే సర్వీసుకు అప్పగించాయి. 2007 నాటి డెనాన్ ఏవీఆర్-3808సీఐ, 2011 నాటి యమహా ఆర్ఎక్స్-వీ671, అదే ఏడాది వచ్చిన ఆంక్యో టీఎక్స్-ఎన్ఆర్609 ఆ తరం పెట్టెలే.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. పాట వీట్యూనర్ నుంచి రాదు. దాని దగ్గర ఉన్నది చిరునామాల పుస్తకం మాత్రమే. ఏ దేశంలో ఏ స్టేషన్ ఉంది, దాని స్ట్రీమ్ ఏ సర్వర్‌లో దొరుకుతుంది అన్నంతవరకే అది చెబుతుంది. చిరునామా అందిన మరుక్షణం రిసీవర్ నేరుగా స్టేషన్ సర్వర్‌తో మాట్లాడుకుంటుంది. అంటే లక్ష రూపాయల పెట్టె మూగబోవడానికి కారణం కొన్ని కిలోబైట్ల జాబితా అందకపోవడమే. అంత చిన్న జాబితాను ఇంట్లో పెట్టుకోలేమా అన్న ప్రశ్న దగ్గరే అసలు కథ మొదలవుతుంది.

మూతపడ్డ సర్వీసుల వరుస

ఈ బెడద కొత్తది కాదు. కంప్యూటర్ అవసరం లేకుండా ఇంటర్నెట్ రేడియో వినిపించే పెట్టెల్లో కెర్‌బాంగో మొదటి తరానిది. దాన్ని రూపొందించిన సంస్థను త్రీకామ్ 2000లో 8 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. మరుసటి ఏడాదే ఆ ప్రాజెక్టును ఎత్తేసింది.

ఇరవై ఏళ్లు గడిచినా తీరు మారలేదు. 2019 మే నెలలో ఫ్రాంటియర్ సిలికాన్ చిప్‌లున్న రేడియోలు వీట్యూనర్ నుంచి ఎయిరబుల్ అనే మరో సర్వీసుకు మారాయి. ఆ మార్పులో యూరప్‌లో ఎంతోమంది ఏళ్లుగా దాచుకున్న ‘ఫేవరెట్స్’ తుడిచిపెట్టుకుపోయాయి. సాంజియన్, గ్రేస్ డిజిటల్ తదితర బ్రాండ్ల రేడియోలకు ఆధారమైన రెసీవా సర్వీసు 2021లో మూతపడింది. ఆ పెట్టెల్లో చాలావాటికి అదే ఏకైక దారి.

2024 మొదట్లో లాజిటెక్ తన స్క్వీజ్‌బాక్స్ ప్లేయర్లకు సాయపడే ఆన్‌లైన్ సర్వీసును ఆపేసింది. ఫలితం మాత్రం రెసీవాకు జరిగిన దానికి పూర్తిగా భిన్నం. స్క్వీజ్‌బాక్స్‌ను మొదట తయారుచేసిన స్లిమ్ డివైసెస్ సంస్థ, 2006లో లాజిటెక్ చేతికి వెళ్లకముందే, తన సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్‌గా ఉంచింది. ఎవరైనా దాన్ని ఇంటి కంప్యూటర్లో నడుపుకోవచ్చు. ప్లేయర్ మెనూలోనే ‘ఏ సర్వర్‌కు కలవాలి’ అని ఎంచుకునే వీలుంది. అందువల్ల కంపెనీ తప్పుకున్నా, వాడకందార్ల సమాజం ఆ సాఫ్ట్‌వేర్‌ను లిరియాన్ మ్యూజిక్ సర్వర్ అనే పేరుతో ముందుకు తీసుకెళ్తోంది. దాదాపు ఇరవై ఏళ్ల నాటి ప్లేయర్లు ఇప్పటికీ పాడుతున్నాయి.

రిసీవర్ అడిగేదేమిటి?

యమహా, డెనాన్, ఆంక్యో పెట్టెల్లో సర్వర్‌ను ఎంచుకునే మెనూ లేదు. వీట్యూనర్ పేరు వాటి ఫర్మ్‌వేర్‌లోనే కూర్చుని ఉంది. అయితే ఏ కంప్యూటర్ అయినా పేరును బట్టి నేరుగా ఎక్కడికీ వెళ్లలేదు. ముందు డీఎన్ఎస్ సర్వర్‌ను అడిగి, ఆ పేరుకు సరిపడే అంకెల ఐపీ అడ్రస్ తెలుసుకోవాలి. రిసీవర్‌దీ అదే పద్ధతి. ఆ డీఎన్ఎస్ మన చేతిలో ఉంటే, వీట్యూనర్ ఎక్కడుందని రిసీవర్ అడిగినప్పుడు మన ఇంట్లోని కంప్యూటర్ అడ్రస్‌నే చెప్పొచ్చు. పాత పెట్టెలు సాదా హెచ్‌టీటీపీలోనే మాట్లాడతాయి. జవాబిచ్చినవాడు ఎవరని సర్టిఫికెట్ చూసి నిర్ధారించుకునే ఏర్పాటు వాటికి లేదు. భద్రత కోణంలో అది లోపమే. ఆ లోపమే ఇప్పుడు యజమానికి ఆసరా అయింది.

అవతల జవాబు చెప్పడానికి వైకాస్ట్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఉంది. పైథాన్ భాషలో రాసిన ఈ చిన్న ప్రోగ్రామ్ వీట్యూనర్ ఎలా జవాబిస్తుందో అచ్చం అలాగే జవాబిస్తుంది. వాటి మధ్య నడిచే సంభాషణను దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. రిసీవర్ మొదట ఒక టోకెన్ అడుగుతుంది. వైకాస్ట్ వరుసగా సున్నాలున్న టోకెన్ ఒకటి పంపుతుంది. పెట్టెకు అది చాలు. తర్వాత రిసీవర్ మెనూ అడుగుతుంది. వైకాస్ట్ ఎక్స్ఎంఎల్ రూపంలో కొన్ని వరుసలు పంపుతుంది. ఒక్కో వరుస ఫోల్డర్ అయినా కావాలి, స్టేషన్ అయినా కావాలి. ఫోల్డర్ అయితే దాని పేరూ, లోపలికి వెళ్లే దారీ ఉంటాయి. స్టేషన్ అయితే పేరు, స్ట్రీమ్ అడ్రస్, ఆడియో రకం, బిట్‌రేట్ వంటి వివరాలు ఉంటాయి. సోఫాలో కూర్చుని రిమోట్ నొక్కే మనిషికి ఇదేమీ తెలియదు. ఎప్పటి మెనూ అప్పటిలాగే తెర మీదికి వస్తుంది.

దీనికి కావాల్సిన సామాను కూడా తక్కువే. రాస్ప్‌బెర్రీ పై వంటి అరచేతిలో పట్టే కంప్యూటర్ ఒకటి ఉంటే సరిపోతుంది. మూడు వాట్ల కరెంటు తింటుందనుకున్నా, నెలంతా ఆపకుండా నడిపితే రెండు యూనిట్ల పైచిలుకే అవుతుంది. రౌటర్‌లో దానికి ఒక స్థిరమైన అడ్రస్ కేటాయించాలి, ఉదాహరణకు 192.168.1.20. అదే కంప్యూటర్లో డీఎన్ఎస్ సర్వర్‌గా పనిచేసే డీఎన్ఎస్‌మాస్క్ గానీ పై-హోల్ గానీ పెట్టి, వీట్యూనర్ డాట్ కామ్‌తో ముగిసే పేర్లన్నిటికీ ఆ అడ్రస్‌నే చెప్పమనాలి. ఆ తర్వాత రిసీవర్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ ఆపి, డీఎన్ఎస్ అని ఉన్నచోట అదే అంకె ఇవ్వాలి. మార్పు రిసీవర్ ఒక్కదానికే కాబట్టి ఇంట్లోవాళ్ల ఫోన్లకూ ల్యాప్‌టాప్‌లకూ ఏ ఇబ్బందీ ఉండదు.

చాలామంది తడబడేది పోర్టు దగ్గర. రిసీవర్ 80వ పోర్టునే అడుగుతుంది, మరోటి దానికి తెలియదు. పై-హోల్ తన సెట్టింగ్స్ పేజీ కోసం అదే పోర్టును ముందుగా పట్టుకుని కూర్చుంటే వైకాస్ట్‌కు చోటు దొరకదు. ఆ పేజీని వేరే పోర్టుకు జరిపితే సమస్య తీరిపోతుంది. మరో జాగ్రత్త కూడా అవసరం. వైకాస్ట్‌కు పాస్‌వర్డ్ రక్షణ లేదు, దాన్ని ఇంటి నెట్‌వర్క్ కోసమే రాశారు. రౌటర్‌లో ఆ పోర్టును బయటి ఇంటర్నెట్‌కు ఎప్పుడూ తెరవకూడదు.

జాబితా ఎవరిది?

వైకాస్ట్ మెనూలో ప్రధానంగా రెండు దారులుంటాయి. ఒకటి రేడియో-బ్రౌజర్. ఇది కంపెనీ ఆస్తి కాదు, శ్రోతలే స్టేషన్లు చేర్చి సరిదిద్దుకునే ఉచిత డేటాబేస్. పదుల వేల స్టేషన్లున్న ఈ జాబితాను దేశాల వారీగా, భాషల వారీగా, సంగీత రీతుల వారీగా చూడొచ్చు. భాషల వరుసలో తెలుగు కూడా దొరుకుతుంది. విదేశాల్లో స్థిరపడి, హాల్లో యమహా పెట్టె పెట్టుకున్న తెలుగు కుటుంబానికి ఆ ఒక్క వరుస చాలు, పొద్దున్నే వంటింట్లోకి తెలుగు పాట రావడానికి.

రెండోది ‘మై స్టేషన్స్’. ఇది పూర్తిగా ఇంటివాళ్ల సొంతం. ఒక మామూలు టెక్స్ట్ ఫైల్‌లో ముందు వర్గం పేరు, దాని కింద స్టేషన్ పేరు, పక్కన స్ట్రీమ్ అడ్రస్ రాసుకుంటే అదే మెనూ అవుతుంది. ‘నాన్నగారికి’ అని ఒక వర్గం, ‘భక్తి’ అని ఒకటి, ‘వార్తలు’ అని ఒకటి పెట్టుకోవచ్చు. పాత డిస్‌ప్లేలు చాలావరకు తెలుగు లిపిని చూపలేవు కాబట్టి ఈ పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోవడమే మంచిది. ఈ ఫైల్ నకలు ఒకటి వేరేచోట దాచుకుంటే, రేపు రేడియో-బ్రౌజర్ ఆగిపోయినా ఇష్టమైన స్టేషన్లకు ఢోకా ఉండదు.

జాబితా దొరికినా గొంతు రాకపోతే

కొన్ని స్టేషన్లు మెనూలో కనిపిస్తాయి, నొక్కితే మాత్రం పలకవు. ఇక్కడ లోపం జాబితాది కాదు. వెబ్ మారిపోయింది, పెట్టె మారలేదు. చాలా స్టేషన్లు సాదా హెచ్‌టీటీపీ వదిలేసి హెచ్‌టీటీపీఎస్‌కు వెళ్లిపోయాయి. పాత రిసీవర్లకు అది రాదు. హెచ్‌టీటీపీఎస్ తెలిసిన పెట్టెలకూ చిక్కులున్నాయి. 2021 సెప్టెంబర్ 30న లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లకు ఆధారమైన ఒక పాత మూల సర్టిఫికెట్ గడువు తీరిపోవడంతో, అప్‌డేట్లు ఆగిపోయిన ఎన్నో పరికరాలు ఒక్కసారిగా సైట్లను నమ్మడం మానేశాయి.

ప్రసార పద్ధతి కూడా మారింది. బీబీసీ 2015లో డబ్ల్యూఎంఏ స్ట్రీమ్‌లను, 2023లో ఎంపీ3 షౌట్‌కాస్ట్ స్ట్రీమ్‌లను ఆపేసింది. ఇప్పుడు ఎక్కువ వాడకంలో ఉన్న హెచ్ఎల్ఎస్ పద్ధతిలో పాట ఏకధారగా రాదు. కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఆ ముక్కల వరుసను ఒక ప్లేలిస్ట్‌లో ఇస్తారు. పాత రిసీవర్‌కు ఆ ప్లేలిస్ట్‌ను ఏం చేయాలో తెలియదు. ఆకాశవాణి ఆన్‌లైన్ ప్రసారాలు వచ్చేదీ ఈ పద్ధతిలోనే. వివిధ భారతి అడ్రస్ ఎంత జాగ్రత్తగా ఫైల్‌లో రాసినా 2011 నాటి పెట్టె దాన్ని వినిపించలేదు.

దీనికీ ఇంట్లోనే విరుగుడు ఉంది. అదే రాస్ప్‌బెర్రీ పై మీద ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రామ్ హెచ్ఎల్ఎస్ ముక్కలను అందుకుని, కలిపి, ఎంపీ3గా మారుస్తుంది. ఐస్‌కాస్ట్ అనే మరో ఉచిత సర్వర్ ఆ ఎంపీ3ని ఇంటి నెట్‌వర్క్‌లో సాదా హెచ్‌టీటీపీ స్ట్రీమ్‌గా వదులుతుంది. ఫైల్‌లో ఆకాశవాణి అడ్రస్‌కు బదులు ఐస్‌కాస్ట్ అడ్రస్ రాస్తే సరిపోతుంది. 128 కిలోబిట్ల స్ట్రీమ్ అంటే సెకనుకు 16 కిలోబైట్లు, గంటకు 58 ఎంబీ లోపు. అంత చిన్న కంప్యూటర్‌కు కూడా ఇది పెద్ద బరువు కాదు. ఈ స్ట్రీమ్‌ను ఇంటి గోడలు దాటించకూడదు. ఇతరుల ప్రసారాన్ని బయటికి తిరిగి పంపడం హక్కుల ఉల్లంఘన కిందికి వస్తుంది.

కంపెనీలు చేయగలిగిన పని

ఇంత చేసినా ఇది అందరికీ చేతనయ్యే పని కాదు. డీఎన్ఎస్, పోర్టు, టెక్స్ట్ ఫైల్ అనగానే భయపడే శ్రోతలే ఎక్కువ. వాళ్ల దగ్గరా అవే పెట్టెలున్నాయి, వాళ్లూ అంతే డబ్బు పోశారు. మన దేశంలో 2022 డిసెంబర్‌లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. విడిభాగాలు, మాన్యువళ్లు, సర్వీస్ కేంద్రాల వివరాలు కొన్నవాళ్లకు అందాలన్నది దాని ఉద్దేశం. నెట్‌కు కలిసే వస్తువుల విషయంలో సర్వర్ కూడా విడిభాగం లాంటిదే. అది లేకపోతే వస్తువు సగం పనిచేయదు, బజారులో ఎంత వెతికినా దొరకదు.

కంపెనీ కలకాలం సర్వర్ నడపాలని ఎవరూ అడగడం లేదు. సర్వీసు ఆపే ముందు చివరి ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌లో, నెట్‌వర్క్ మెనూ కింద ‘రేడియో సర్వర్ అడ్రస్’ అని ఒక ఖాళీ గడి చేర్చి, ఆ సర్వర్ ఎలా జవాబివ్వాలో నాలుగు పేజీల్లో రాసి అందరికీ అందుబాటులో పెడితే చాలు. స్క్వీజ్‌బాక్స్ యజమానులకు మొదటి నుంచీ ఉన్నది ఆ వెసులుబాటే, 2024లో వాళ్ల ప్లేయర్లను నిలబెట్టిందీ అదే. కొత్త రిసీవర్ కొనబోయేవాళ్లు వాట్లు, ఛానళ్ల లెక్కతో పాటు ఈ మాట కూడా షాపులో అడగాలి. స్టేషన్ అడ్రస్‌ను మన చేత్తో ఇచ్చుకునే వీలు ఇందులో ఉందా? కంపెనీ సర్వీసు ఆగిపోతే ఏ దారిన వినాలి? దుకాణదారు దగ్గర జవాబు లేకపోతే, అదే ప్రశ్నను కంపెనీ కస్టమర్ కేర్‌కు రాసి, లిఖితపూర్వకంగా సమాధానం వచ్చాకే డబ్బు కట్టాలి.