1973లో పుట్టిన రెండు తీగలు

శ్రీహరికోటలో రాకెట్ లేచిన రోజు సూళ్లూరుపేటలోని మా మిత్రుడి స్టూడియోలో అర్ధరాత్రి దాకా దీపం వెలుగుతూనే ఉంటుంది. పులికాట్ సరస్సు మీది రోడ్డు నుంచీ, సందర్శకుల గ్యాలరీ నుంచీ తీసిన వీడియోలన్నీ ఆ రాత్రే వెనక గదిలోని సర్వర్‌కు చేరాలి. ఎనిమిది హార్డ్‌డిస్కులతో గుయ్యిమంటూ ఉండే పాత పెట్టె అది. 400 గిగాబైట్ల సరుకు ఎక్కడానికి దాదాపు గంట పట్టేది. తప్పు డిస్కులది కాదు. ఎనిమిదీ కలిస్తే సెకనుకు 600 మెగాబైట్లు మింగగలవు. వాటికి అన్నం పెట్టే నెట్‌వర్క్ కార్డు ఒక గిగాబిట్‌ది. ఎంత గింజుకున్నా సెకనుకు 118 మెగాబైట్లు దాటనిచ్చేది కాదు.

కార్డు మార్చేస్తే సరిపోతుందనుకున్నాం. ఆ వెతుకులాటే నన్ను ఈ చిన్న పలక చరిత్రలోకి లాక్కెళ్లింది.

1973 మే 22న అమెరికాలోని పాలో ఆల్టోలో, జిరాక్స్ పరిశోధన కేంద్రంలో బాబ్ మెట్‌కాఫ్ ఒక నోటు రాశాడు. కంప్యూటర్లన్నిటినీ ఒకే తీగకు తగిలిద్దాం, ఎవరికి పని పడితే వాళ్లు మాట్లాడతారు అన్నది అందులోని ఆలోచన. ఇద్దరు ఒకేసారి నోరు విప్పితే మాటలు ఢీకొంటాయి. అప్పుడు ఇద్దరూ ఆగి, ఎవరికి తోచినంత సేపు వాళ్లు ఊరుకుని, మళ్లీ మొదలుపెడతారు. హవాయి దీవుల్లోని అలోహా రేడియో నెట్‌వర్క్ నుంచి వచ్చిన ఊహ ఇది. డేవిడ్ బాగ్స్‌తో కలిసి ఆయన కట్టిన ఆ ఈథర్‌నెట్ సెకనుకు 2.94 మెగాబిట్లతో నడిచింది.

అదే 1973లో అమెరికా వైమానిక దళం మరో తీగకు నియమావళి రాసింది. దాని పేరు మిల్-ఎస్‌టీడీ-1553. ఈ తీగ మీద అడగందే ఎవరూ నోరెత్తకూడదు. పెద్దరికం ఒక్కడిది. వాడు పిలిచినవాడే, పిలిచినప్పుడే బదులివ్వాలి. 31 మంది దాకా ఆ పిలుపు కోసం కాచుకుని ఉంటారు. ఒక తీగ తెగితే పక్కనే మరొకటి సిద్ధం. వేగం సెకనుకు ఒక్క మెగాబిట్టే. కానీ ఏ మాట ఏ క్షణానికి చేరుతుందో ముందే లెక్క కట్టవచ్చు. గాల్లో ఉన్న యంత్రానికి కావలసింది ఆ భరోసానే.

మన రాకెట్లలో ఉన్నది ఈ రెండో తీగే. శ్రీహరికోట నుంచి 2024 డిసెంబర్ 30న లేచిన పీఎస్‌ఎల్‌వీ-సీ60లో, నాలుగో దశతో పాటు కక్ష్యలో తిరిగిన పోయెమ్-4 వేదిక మీద విక్రమ్-3201 అనే 32 బిట్ల ప్రాసెసర్‌ను పరీక్షించారు. 2009 నుంచి మన రాకెట్లను నడుపుతున్న 16 బిట్ల విక్రమ్-1601కు ఇది వారసుడు. మొహాలీలోని సెమీకండక్టర్ ల్యాబొరేటరీలో తయారైంది. లెక్కల సత్తువ ఎంతో పెరిగినా, బయటి లోకంతో మాట్లాడేందుకు ఆ చిప్పులోనే రెండు 1553 ద్వారాలు పెట్టారు. మెదడు మారింది, తీగ మారలేదు. రాకెట్‌లోని మిగతా పెట్టెలన్నీ ఆ భాషే మాట్లాడతాయి మరి. కొత్తది వచ్చి పాతదాని పక్కన కుదురుగా కూర్చోవడం ఎంత ఆలోచించి చేయవలసిన పనో నాకు తెలిసింది ఇక్కడే.

ఈథర్‌నెట్ మాత్రం పరుగందుకుంది. 1979లో మెట్‌కాఫ్ త్రీకామ్ కంపెనీ పెట్టాడు. 1982లో ఐబీఎం పీసీలో గుచ్చుకునే కార్డు అమ్మాడు. 1995కు 100 మెగాబిట్లు, 1998కి గిగాబిట్, 2002కు పది గిగాబిట్లు. మధ్యలో స్విచ్‌లు వచ్చి ఎవరి దారి వాళ్లకు చూపించడంతో ఢీకొట్టుకోవడమే పోయింది. ఇంత మారినా, ఒక్కో పొట్లంలో 1500 బైట్ల సరుకు అన్న 1980 నాటి కొలత నేటికీ చెల్లుతోంది. అందుకే పాత సర్వర్ కొత్త కార్డును ఆశించగలదు.

ఆశకూ అమరికకూ మధ్యే ఉంది చిక్కంతా. మొదట కొన్న కార్డు చిన్నది, ముచ్చటైనది, ఒకే లేన్‌ది. మా సర్వర్ స్లాట్లు పీసీఐ ఎక్స్‌ప్రెస్ రెండో తరానివి. అందులో ఒక్కో లేన్ సెకనుకు 500 మెగాబైట్లే మోయగలదు. పది గిగాబిట్లంటే 1250 మెగాబైట్లు. పైగా సర్వర్‌లోని పాత సిస్టమ్‌లో ఆ కార్డుకు డ్రైవరే లేదు.

“అన్నా, అట్ట మీద పది గిగాబిట్లని రాసుంది గదా, ఇది అసలు కనపడనే లేదే” అన్నాడు మిత్రుడు. అమ్మినతను వాపసు తీసుకోలేదు.

రెండోసారి వరస మార్చాం. ముందు స్లాట్ చూశాం: ఎనిమిది లేన్లది ఒకటి ఖాళీ. తర్వాత డ్రైవర్ల జాబితా చూశాం. ఆ రెండింటికీ సరిపడేది ఇంటెల్ ఎక్స్520. ఇదీ రెండో తరానిదే, ఎనిమిది లేన్లది. పెద్ద డేటా సెంటర్లు విప్పేసిన కార్డులు చవగ్గా దొరుకుతాయి. స్టూడియో కంప్యూటర్‌కొకటి, సర్వర్‌కొకటి తెచ్చాం. ఉప్పుగాలి ఊరు కదా, స్లాట్‌లో దుమ్ము తేమతో కలిసి గట్టిపడింది. కార్డు అంచున ఉండే బంగారు పూత పళ్లను స్పిరిట్ గుడ్డతో తుడిచి, రెండు చివర్లా సమంగా నొక్కితే ‘టక్’మని కూర్చుంది.

కార్డు మీది దీపం వెలగలేదు.

రెండు కార్డులనూ కలిపే ఫైబర్ తీగ కొసలకు తొడిగే వేలెడంత మాడ్యూల్‌లో తయారీదారు పేరు రాసి ఉండే చిన్న చిప్పు ఉంటుంది. ఎక్స్520 దాన్ని చదివి, తనకు తెలియని పేరైతే తలుపు తీయదు. డ్రైవర్‌లో ఒక్క వరుస మార్చి, పరాయి మాడ్యూల్‌నూ రానిమ్మని చెప్పాం. రెండో కంప్యూటర్‌లోనూ అదే మార్పు చేసి, రెండింటినీ ఆపి మళ్లీ ఆన్ చేశాం.

ఈసారి ఆకుపచ్చ చుక్క వెలిగింది. కిందటి ప్రయోగం ఫోల్డర్‌నే మళ్లీ పంపి చూశాడు మిత్రుడు. నేను వీధి చివర కొట్టులో టీ తాగి వచ్చేసరికి 400 గిగాబైట్లూ ఎక్కేశాయి. వెనక గదిలో ఎనిమిది డిస్కుల దీపాలూ ఒక్కసారిగా టపటపలాడటం అంతకు ముందెప్పుడూ చూడలేదు మేం.